ఉత్తరాంధ్ర మహిళల ఆహారంలో ఫోలేట్: ఫోర్టిఫైడ్ బియ్యం ఎంతవరకు తీర్చగలదు?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో వరి ప్రధాన పంట, అన్నమే ప్రధాన ఆహారం. మెట్ట ప్రాంతాలలోను, ఏజెన్సీలోను చోళ్లు, సామలు, గంటెలు ఒకప్పుడు అన్నంతో సమానంగా వాడుకలో ఉండేవి. చౌక ధరల దుకాణాల బియ్యం ప్రతి గడపకు చేరిన తరువాత చిరుధాన్యాల వాటా తగ్గి, పళ్లెంలో తెల్లని అన్నం వాటా పెరిగింది. కడుపు నిండుతున్నది, కాని పోషణ నిండడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 సంవత్సరాల మహిళలలో 58.8 శాతం మంది, గర్భిణులలో 53.7 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు.

రక్తహీనత అనగానే ఇనుము లోపమే గుర్తుకు వస్తుంది. ఇనుముతో పాటు రక్తకణాల తయారీకి అవసరమైన మరొక పోషకం ఫోలేట్. దీని లోపం వల్ల కలిగే నష్టం రక్తహీనతతో ఆగదు. గర్భం దాల్చిన తొలి వారాలలో తల్లి శరీరంలో ఫోలేట్ చాలకపోతే బిడ్డ వెన్నుపాము, మెదడు సరిగా రూపొందకపోయే ప్రమాదం ఉన్నది. ఈ లోటును తీర్చే సాధనాలలో ఒకటిగా ప్రభుత్వం ఫోర్టిఫైడ్ బియ్యాన్ని ప్రవేశపెట్టింది. ఆ బియ్యం వల్ల ఎంత ఫోలేట్ అందుతుంది, మిగిలినది ఎక్కడి నుండి రావాలి, ఎవరికి బియ్యం ఒక్కటే చాలదు అన్న విషయాలను విస్తరణ కార్యకర్తలు, గృహ విజ్ఞాన నిపుణులు, రైతు కుటుంబాల వారు తెలుసుకొనుట అవసరం.

ఫోలేట్ కథలో తెలుగువారి పాత్ర

1928 తరువాతి సంవత్సరాలలో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలో పేద గర్భిణులను, ముఖ్యంగా వస్త్ర మిల్లులలో పనిచేసే స్త్రీలను పరిశీలించారు. వారిలో కనిపించిన ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో నయమగుటను ఆమె గుర్తించారు. ఆ సారంలోని తెలియని పదార్థాన్ని చాలాకాలం విల్స్ కారకమనే పిలిచారు. 1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూర నుండి ఈ పదార్థాన్ని వేరుచేసి, ఆకు అనే అర్థం గల లాటిన్ పదం నుండి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. భీమవరంలో 1895లో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించగా, ఆయన బృందం 1940ల మధ్యలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసింది. పేగులు ఆహారాన్ని గ్రహించలేక మనిషిని క్షీణింపజేసే స్ప్రూ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. ఆ వ్యాధి చికిత్సలో ఫోలిక్ ఆమ్లం ముఖ్యమైన మందుగా నిలిచింది.

ఆకుకూరలు, పప్పుధాన్యాలలో సహజంగా ఉండే రూపాన్ని ఫోలేట్ అని, మాత్రలలోను, ఫోర్టిఫైడ్ ఆహారంలోను చేర్చే కృత్రిమ రూపాన్ని ఫోలిక్ ఆమ్లమని అంటారు. సహజ ఫోలేట్‌లో సుమారు సగమే శరీరానికి అందుతుంది. ఆహారంతో కలిపి తీసుకున్న ఫోలిక్ ఆమ్లంలో సుమారు 85 శాతం అందుతుంది. అందువలన ఆహారంలో చేర్చిన 1 మైక్రోగ్రాము ఫోలిక్ ఆమ్లాన్ని 1.7 మైక్రోగ్రాముల ఆహార ఫోలేట్‌తో సమానంగా లెక్కిస్తారు.

ఎంత అవసరం? ఎప్పుడు అవసరం?

భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన సిఫారసుల ప్రకారం రోజుకు సాధారణ మహిళకు 220, పాలిచ్చే తల్లికి 330, గర్భిణికి 570 మైక్రోగ్రాముల ఫోలేట్ అవసరం. గర్భంతో అవసరం రెండున్నర రెట్లు పెరుగుతుంది. కణ విభజన వేగంగా జరిగే ప్రతి దశలోను ఫోలేట్ ఖర్చు అధికం కావడమే ఇందుకు కారణం.

ఎంత అన్న ప్రశ్న కంటే ఎప్పుడు అన్న ప్రశ్న మరింత ముఖ్యమైనది. పిండంలో మెదడు, వెన్నుపాములుగా ఎదిగే నాడీ నాళం గర్భధారణ జరిగిన 28 రోజులలోపే మూసుకుంటుంది. నెల తప్పిన సంగతి గమనించి, కొన్నాళ్లు వేచి చూసి, ఆశా కార్యకర్తకు చెప్పి, ఏఎన్ఎం వద్ద పేరు నమోదు చేయించుకునే సరికి ఆ 28 రోజులు సాధారణంగా గడిచిపోతాయి. 12 వారాలలోపు నమోదు చేయించుకొనుట మంచిదే. అయినను నాడీ నాళ లోపాల నివారణకు ఆ నమోదు కూడా ఆలస్యమే. తల్లి రక్తకణాలలో ఫోలేట్ నిల్వ గర్భానికి ముందే ఉండాలి. రోజూ తగినంత తీసుకున్నప్పటికి ఆ నిల్వ పెరగడానికి కొన్ని వారాల నుండి మూడు నెలల వరకు పడుతుంది.

ఫోలిక్ ఆమ్లం ఈ లోపాలను నివారించగలదని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి ప్రకటించిన అధ్యయనం నిరూపించింది. అంతకు ముందు ఇటువంటి లోపంతో బిడ్డను కన్న తల్లులకు రోజుకు 4 మిల్లీగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఇవ్వగా, లోపం మరల రావడం 72 శాతం తగ్గింది. 1990లలో చైనాలో రోజుకు 400 మైక్రోగ్రాముల మాత్రతో జరిగిన కార్యక్రమంలో, లోపాలు ఎక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతంలో వాటి సంఖ్య వెయ్యి కాన్పులకు 4.8 నుండి 1.0కి దిగింది. ఈ ఆధారాల పైననే అమెరికా 1998 నుండి ధాన్యపు పిండిలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం చేర్చుటను తప్పనిసరి చేసింది. ప్రపంచ ఆరోగ్య సభ 2023 మే నెలలో ఆహార ఫోర్టిఫికేషన్ ద్వారా వెన్నుపాము లోపాలను నివారించాలని తీర్మానించింది.

ఫోర్టిఫైడ్ బియ్యం: లెక్క ఏమి చెబుతున్నది?

2019లో 15 రాష్ట్రాలలో రాష్ట్రానికి ఒక జిల్లా చొప్పున ఫోర్టిఫైడ్ బియ్యం పంపిణీకి ప్రయోగాత్మక పథకం మంజూరైనది. 2021 ఆగస్టు 15న ప్రధానమంత్రి, 2024 నాటికి ప్రభుత్వ పథకాలన్నింటిలోను ఈ బియ్యమే పంపిణీ చేయనున్నట్లు ప్రకటించారు. మొదటి దశలో అంగన్‌వాడీ కేంద్రాలు, బడి భోజనం, రెండవ దశలో ఆకాంక్షిత జిల్లాలు, పోషణ లోపం అధికంగా గల జిల్లాలు, మూడవ దశలో మిగిలిన జిల్లాలు చేరాయి. విజయనగరం 2018లో ఆకాంక్షిత జిల్లాల జాబితాలో చేరింది. 2022 ఏప్రిల్‌లో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల నుండి విడదీసిన భాగాలతో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడింది. ఈ వ్యాసంలోని విషయాలు ఆ జిల్లాకు కూడా వర్తిస్తాయి.

బియ్యపు పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, విటమిన్ బి12 కలిపి, యంత్రంలో ఒత్తి మరల బియ్యపు గింజ ఆకారానికి తెచ్చిన పోషక గింజలను 100 మామూలు గింజలకు 1 చొప్పున కలుపుతారు. ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం కిలో ఫోర్టిఫైడ్ బియ్యంలో ఇనుము 28 నుండి 42.5 మిల్లీగ్రాములు, ఫోలిక్ ఆమ్లం 75 నుండి 125 మైక్రోగ్రాములు, విటమిన్ బి12 0.75 నుండి 1.25 మైక్రోగ్రాములు ఉండాలి.

ఈ ప్రమాణం నుండి ఒక మహిళకు అందేది ఎంత? రేషన్ ద్వారా మనిషికి నెలకు 5 కిలోలు, అనగా రోజుకు సుమారు 167 గ్రాములు వస్తాయి. అందులో ఫోలిక్ ఆమ్లం 12.5 నుండి 21 మైక్రోగ్రాములు. దీనిని 1.7తో హెచ్చించగా 21 నుండి 35 మైక్రోగ్రాముల ఆహార ఫోలేట్ అవుతుంది. సాధారణ మహిళ అవసరంలో ఇది 10 నుండి 16 శాతం, గర్భిణి అవసరంలో 4 నుండి 6 శాతం మాత్రమే.

పొలం పనికి వెళ్లే స్త్రీ రోజుకు 400 గ్రాముల బియ్యం తింటుందని, అది మొత్తం ఫోర్టిఫైడ్ బియ్యమేనని అనుకుందాం. అప్పుడు 51 నుండి 85 మైక్రోగ్రాములు లభిస్తాయి. సాధారణ మహిళ అవసరంలో ఇది నాలుగవ వంతు నుండి మూడవ వంతుకు కొంత పైబడి ఉంటుంది. గర్భిణి అవసరంలో 9 నుండి 15 శాతం. పైగా ఇవి వండక ముందు లెక్కలు. వంటలో కలిగే నష్టాన్ని ఇంకను తీసివేయవలసి ఉన్నది.

ఈ లెక్క ఫోర్టిఫైడ్ బియ్యాన్ని తక్కువ చేయడానికి కాదు. ప్రతి ఇంటికి, ప్రతి రోజు, అదనపు ఖర్చు గాని ప్రయత్నం గాని లేకుండా చేరే పోషకం మరొకటి లేదు. గర్భం వస్తుందని ముందుగా అనుకోని స్త్రీకి సైతం అది అందుతుంది. అయితే అది పునాది మాత్రమే. పునాది వేసి ఇల్లు పూర్తయినదని భావించుట పొరపాటు.

గింజ నుండి గిన్నె వరకు: నష్టాలను తగ్గించుట

ఫోలేట్ నీటిలో కరుగుతుంది. వేడికి, వెలుతురుకు నశిస్తుంది. కావున ఇంట్లో పాటించే పద్ధతులపై దాని లభ్యత ఆధారపడి ఉంటుంది.

మొదటిది, పోషక గింజలను ఏరివేయరాదు. ఈ గింజలు మిగిలిన వాటి కంటే రంగులో కొద్దిగా వేరుగా ఉంటాయి, కొన్ని నీటిలో తేలుతాయి. దీనిని చూసి ప్లాస్టిక్ బియ్యమని అనుమానించి చేటలో ఏరి పారవేసేవారు, కడిగేటప్పుడు తేలిన గింజలను నీటితో వంపివేసేవారు ఉన్నారు. నూటికి ఒకటి మాత్రమే ఉన్న గింజను తీసివేస్తే మిగిలేది మామూలు బియ్యమే. ఆ గింజ బియ్యపు పిండితో చేసినదేనని అంగన్‌వాడీ కేంద్రాలలోను, స్వయం సహాయక సంఘాల సమావేశాలలోను వండి చూపించుట మాటలతో చెప్పుట కంటే మేలు.

రెండవది, బియ్యాన్ని ఒకటి రెండు సార్లు మాత్రమే తేలికగా కడగాలి. మూడవది, ఎసరు ఎక్కువ పోసి గంజి వార్చే పద్ధతిలో ఫోలిక్ ఆమ్లం గంజితో పోతుంది. సరిపడా నీటితో అత్తెసరుగా వండుట ఉత్తమం. వార్చక తప్పనిచో ఆ గంజిని పశువుల కుడితిలో పోయక, ఉప్పు చిటికెడు వేసుకొని తాగుట గాని, పప్పులో చారులో కలుపుట గాని చేయాలి. నాలుగవది, పురుగు పట్టకుండా బియ్యాన్ని గంటల తరబడి ఎండలో ఆరబెట్టే అలవాటు ఫోలిక్ ఆమ్లానికి హాని చేస్తుంది. బియ్యాన్ని తేమ తగలని మూత గల డబ్బాలో నీడ పట్టున నిల్వచేసి, నెలలోపే వాడుకోవాలి.

ఆకుకూరలకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. ముందు కడిగి తరువాత తరగాలి. తక్కువ నీటితో మూతపెట్టి కొద్దిసేపు ఉడికించాలి. ఉడికిన నీటిని పారబోయరాదు.

మన పొలాలలో, పెరళ్లలో ఉన్న ఫోలేట్

జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ఆధారంగా 100 గ్రాముల పచ్చి పదార్థంలో ఫోలేట్ సుమారుగా ఇలా ఉన్నది.

తెల్ల బియ్యం: 9 మైక్రోగ్రాములు
చోళ్లు (రాగులు): 35
గంటెలు (సజ్జలు): 36
జొన్నలు: 39
మునగాకు: 43
తోటకూర: 70
వేరుశనగ గింజలు: 91
కందిపప్పు: 108
పాలకూర: 142
పెసలు: 145
ఉలవలు: 160
శనగలు: 233

ఈ పట్టికను మన జిల్లాల పంటల సరళితో కలిపి చూస్తే మూడు మార్గాలు కనిపిస్తాయి.

ఒకటి, వరి మాగాణులలో అపరాలు. ఖరీఫ్ వరి కోతకు కొద్ది రోజుల ముందు నిలువు పైరులో పెసర, మినుము విత్తనాలు వెదజల్లి, నేలలో మిగిలిన తేమతోనే పంట తీసే పద్ధతి రెండు జిల్లాల రైతులకు పరిచయమైనదే. పల్లాకు తెగులును తట్టుకునే రకాలను ఎన్నుకొనుట, విత్తనశుద్ధి, తేమ ఆరకముందే విత్తుట పాటించినచో పంట నమ్మకంగా వస్తుంది. అయితే పండిన పెసలు, మినుములు దాదాపు మొత్తం కళ్లం నుండే అమ్మకానికి వెళ్లిపోతే ఆ ఇంటి స్త్రీల పోషణలో మార్పు ఉండదు. మనిషికి రోజుకు 50 గ్రాముల చొప్పున లెక్కించినచో నలుగురు గల కుటుంబానికి సంవత్సరానికి సుమారు 73 కిలోల పప్పుధాన్యం కావాలి. అందులో సగమైనను సొంత పంట నుండి ఇంటికి కేటాయించుకొనుటను సాగు ప్రణాళికలో భాగంగానే చూడవలసి ఉన్నది. మెట్టలలో ఉలవ కూడా ఇదే అవసరానికి ఉపయోగపడుతుంది. ఉలవలను పశువుల దాణాగా మాత్రమే చూసే ధోరణి మారాలి.

రెండు, చోళ్ల సాగు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం చిరుధాన్యాల పరిశోధనకు, ప్రత్యేకించి రాగి రకాలకు పేరు గడించింది. చంపావతి, సువర్ణముఖి, వేగవతి వంటి రకాల పేర్లు ఈ ప్రాంతపు నదుల పేర్లే. 2020లో విడుదలైన వేగవతి రకంలో కిలోకు 131.8 మిల్లీగ్రాముల ఇనుము, ఇంద్రావతి రకంలో 100 గ్రాములకు 428 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నట్లు నమోదైనది. ఈ రకాలను ఇనుము, కాల్షియం, జింకు కొరకు ఎన్నుకున్నారే గాని ఫోలేట్ కొరకు కాదని గమనించాలి. అయినను తెల్ల బియ్యం కంటే చోళ్లలో ఫోలేట్ దాదాపు నాలుగు రెట్లు ఉన్నది. ఒక పూట చోడి అంబలి తాగే అలవాటును తిరిగి తెచ్చుకొనుట వల్ల ఇనుము, కాల్షియం, ఫోలేట్ మూడు పెరుగుతాయి. పిండిని రాత్రి పులియబెట్టినప్పుడు కొన్ని సూక్ష్మజీవులు స్వయంగా ఫోలేట్‌ను తయారు చేస్తాయి. గింజలను మొలకెత్తించినప్పుడు కూడా ఫోలేట్ పెరుగుతుంది.

మూడు, పెరటి ఆకుకూరలు. తోటకూర, పాలకూర, బచ్చలి, గోంగూర, మునగ ఈ ప్రాంతపు నేలలలో సులభంగా పెరుగుతాయి. ఇంటి వెనుక ఒక సెంటు స్థలంలో మడులు చేసి, పది, పదిహేను రోజుల తేడాతో ఒక్కొక్క మడి విత్తుకుంటూ పోతే కూర కోత ఆగకుండా ఉంటుంది. వాడిన నీటిని ఆ మడులకు మళ్లిస్తే వేసవిలో కూడా తడి సరిపోతుంది.

వీటిని ఒక రోజు భోజనంగా కూర్చి చూద్దాం. 300 గ్రాముల బియ్యం, 100 గ్రాముల చోడి పిండి, 50 గ్రాముల పెసలు, 100 గ్రాముల తోటకూర, 30 గ్రాముల వేరుశనగ కలిస్తే సహజ ఫోలేట్ సుమారు 230 మైక్రోగ్రాములు. వంటలో మూడవ వంతు పోయినదనుకున్నను 150కి పైగా మిగులుతుంది. ఆ 300 గ్రాముల బియ్యం ఫోర్టిఫైడ్ అయితే మరో 38 నుండి 64 మైక్రోగ్రాములు చేరి, మొత్తం 190 నుండి 220 వరకు వస్తుంది. అనగా సాధారణ మహిళ రోజువారీ అవసరం దాదాపు తీరుతుంది. అన్నంతో చారు, పచ్చడి మాత్రమే తిన్నచో ఫోర్టిఫైడ్ బియ్యం కూడా ఆ లోటును పూడ్చలేదు. అదే విధంగా ఎంత మంచి భోజనమైనను గర్భిణికి కావలసిన 570ని చేరుట కష్టం. అక్కడ మాత్ర తప్పనిసరి.

మాత్రల విషయంలో తెలుసుకోవలసినది

2018లో ప్రారంభమైన రక్తహీనత రహిత భారత్ కార్యక్రమం ప్రకారం ప్రసవ వయస్సులోని స్త్రీలకు వారానికి ఒకటి చొప్పున 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం గల మాత్ర ఇస్తారు. గర్భిణులకు నాలుగవ నెల నుండి అదే మాత్ర రోజూ, కనీసం 180 రోజులు ఇస్తారు. గర్భధారణకు ముందు, తొలి మూడు నెలలలో రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం మాత్ర ఇవ్వాలి.

వారపు మాత్ర రక్తహీనతను తగ్గించడానికి ఉద్దేశించినది. దానిలోని 500 మైక్రోగ్రాములను ఏడు రోజులకు పంచితే రోజుకు 71 మాత్రమే. బిడ్డ వెన్నుపాము లోపాలను నివారించే ఉద్దేశంతో వారపు మాత్ర ఇచ్చినచో అందులో 2,800 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సూచించింది. కావున వారపు మాత్ర వేసుకుంటున్నాము గదా అని కొత్తగా పెళ్లయినవారు నిశ్చింతగా ఉండరాదు. పిల్లలను కోరుకునే వారు కనీసం మూడు నెలల ముందు నుండి రోజువారీ 400 మైక్రోగ్రాముల మాత్రను ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుండి అడిగి తీసుకోవాలి. పెళ్లి నమోదు సమయంలోనే ఆశా కార్యకర్త ఈ విషయం చెప్పగలిగితే అంతకన్న మంచి సమయం లేదు.

ప్రత్యేక జాగ్రత్త అవసరమైన మహిళలు

వెన్నుపాము లోపంతో బిడ్డ పుట్టిన లేదా గర్భం పోయిన తల్లులు: వీరికి 400 మైక్రోగ్రాములు చాలదు. తదుపరి గర్భానికి ముందే వైద్యుని సలహాతో 4 నుండి 5 మిల్లీగ్రాముల మోతాదు తీసుకోవాలి.

మూర్ఛకు మందులు వాడేవారు, మధుమేహం ఉన్నవారు: వాల్‌ప్రోయేట్ వంటి మూర్ఛ మందుల వల్ల, అదుపులో లేని మధుమేహం వల్ల బిడ్డకు ముప్పు పెరుగుతుంది. మందును తమంతట తాము ఆపక, గర్భానికి ముందే వైద్యుని సంప్రదించాలి.

సికిల్ సెల్ వ్యాధి గల గిరిజన మహిళలు: మామూలు ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు జీవిస్తే, ఈ వ్యాధిలో 10 నుండి 20 రోజులే ఉంటుంది. కొత్త కణాల తయారీ వేగంగా జరగవలసి రావడం వల్ల ఫోలేట్ ఖర్చు ఎంతో అధికం. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీ ప్రాంతాలలో ఇది ముఖ్యమైన విషయం. 2023 జూలై 1న ప్రారంభమైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం క్రింద పరీక్షలు జరుగుతున్నాయి. ఇనుము చేర్చిన ఆహార సంచులపై ఈ వ్యాధి గలవారికి హెచ్చరిక ముద్రించాలన్న నిబంధన మొదట ఉండేది. నిపుణుల సమీక్ష తరువాత 2024లో దానిని తొలగించారు. అయినను తరచు రక్తం ఎక్కించుకొనే వారు ఇనుము మాత్రల విషయంలో వైద్యుని మాట ప్రకారమే నడచుకోవాలి. వారికి ఇనుము లేని ఫోలిక్ ఆమ్లం మాత్ర వేరుగా లభిస్తుంది.

చిన్న వయస్సులో పెళ్లయినవారు, కాన్పుకు కాన్పుకు మధ్య వ్యవధి తక్కువగా ఉన్నవారు: ఒక గర్భం, ఆ తరువాత పాలివ్వడం తల్లి నిల్వలను ఖాళీ చేస్తాయి. అవి నిండక ముందే మరల గర్భం వస్తే ముప్పు పెరుగుతుంది.

వలస కుటుంబాల స్త్రీలు: పనుల కొరకు దూర నగరాలకు వెళ్లే కుటుంబాలకు రేషన్ బియ్యం, అంగన్‌వాడీ, మాత్రలు ఒక్కసారిగా దూరమవుతాయి. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు సదుపాయం ద్వారా వెళ్లిన చోట కూడా బియ్యం పొందవచ్చును. బయలుదేరే ముందే మాత్రలు వెంట తీసుకొని వెళ్లాలి.

బి12ను విస్మరించరాదు

ఫోలేట్, విటమిన్ బి12 జంటగా పనిచేస్తాయి. బి12 లోపం ఉన్న స్త్రీకి అధిక మోతాదులో ఫోలిక్ ఆమ్లం మాత్రమే ఇచ్చినచో రక్తహీనత తగ్గినట్లు కనిపిస్తుంది గాని నరాలకు జరిగే హాని లోలోపల కొనసాగుతుంది. అందుకే పెద్దలు వైద్య సలహా లేకుండా రోజుకు 1,000 మైక్రోగ్రాములకు మించి ఫోలిక్ ఆమ్లం తీసుకోరాదు. దక్షిణ భారతంలో ప్రసవ వయస్సు స్త్రీలపై జరిగిన ఒక సర్వేలో దాదాపు సగం మందికి బి12 లోపం, ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురికి నాడీ నాళ లోపాల నివారణకు చాలని ఫోలేట్ నిల్వ ఉన్నట్లు తేలింది. బి12 మొక్కల ఆహారంలో లభించదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపల వంటి జంతు సంబంధ ఆహారం నుండి మాత్రమే వస్తుంది. తీరప్రాంత గ్రామాలలో చవకగా దొరికే చిన్న చేపలు, ఎండు చేపలు దీనికి మంచి ఆధారం. ఫోర్టిఫైడ్ బియ్యంలో ఫోలిక్ ఆమ్లంతో పాటు బి12ను కూడా చేర్చుటకు కారణం ఇదే.

ఉప్పు ద్వారా మరొక మార్గం

బియ్యం ప్రమాణం మనిషిని బట్టి మారుతుంది. ఉప్పు మాత్రం పేద, ధనిక భేదం లేకుండా ప్రతి వంటలోను పడుతుంది. అయోడిన్‌తో పాటు ఫోలిక్ ఆమ్లాన్ని కూడా చేర్చిన ఉప్పును దక్షిణ భారతంలోని 4 గ్రామాలలో 83 మంది స్త్రీలకు 2022లో 4 నెలల పాటు ఇచ్చి పరిశీలించారు. 2024లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం వారి రక్తంలో ఫోలేట్ మూడున్నర రెట్లకు పైగా పెరిగింది. ఇది చిన్న అధ్యయనం. పెద్ద సంఖ్యలో, ఎక్కువ కాలం జరిగే పరిశీలనలు అవసరం. అయినను నౌపడ ఉప్పు మడులకు పేరుపడిన శ్రీకాకుళం జిల్లాకు ఈ మార్గం ఆసక్తికరమైనది. ఉప్పు ద్వారా ఫోలిక్ ఆమ్లం అందించుట అంటే ఉప్పు ఎక్కువ తినమని కాదు. రోజుకు 5 గ్రాములకు లోపు అన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి అప్పుడు కూడా వర్తిస్తుంది. మూత్రపిండ వ్యాధి విస్తృతంగా ఉన్న ఉద్దానం ప్రాంతంలో ఈ జాగ్రత్త మరింత అవసరం.

ముగింపు

ఫోర్టిఫైడ్ బియ్యం ప్రతి స్త్రీకి కొంత ఫోలేట్‌ను ప్రతిదినం అందించే పునాది. పెసలు, ఉలవలు, చోళ్లు, ఆకుకూరలు ఆ పునాదిపై నిలిచే గోడలు. గర్భానికి ముందు నుండి వాడే 400 మైక్రోగ్రాముల మాత్ర పైకప్పు వంటిది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి మరొక దానికి బదులు కాజాలదు.

విస్తరణ రంగంలో పనిచేసే వారు ఈ క్రింది ఐదు విషయాలను తమ కార్యక్రమాలలో చేర్చుకొనుట మంచిది.

1. అపరాల పంటల ప్రదర్శనా క్షేత్రాలలో దిగుబడితో పాటు ఇంటి వాడకానికి ఉంచుకోవలసిన పరిమాణాన్ని కూడా రైతు దంపతులిద్దరికి వివరించాలి.

2. ఆమదాలవలస, రస్తాకుంటుబాయి కృషి విజ్ఞాన కేంద్రాల వంటి చోట్ల జరిగే మహిళా శిక్షణలలో పోషక గింజలను చూపించి, గంజి వార్చకుండా వండే పద్ధతిని ప్రదర్శించాలి.

3. చోడి విత్తనం ఇచ్చే సమయంలోనే చోడి వంటకాలను కూడా పరిచయం చేయాలి.

4. పెరటి తోటల విత్తన సంచిలో తోటకూర, పాలకూర తప్పక ఉండాలి, మునగ మొక్క ఒకటి ఇవ్వాలి.

5. కొత్తగా పెళ్లయిన జంట వివరాలు ఆశా కార్యకర్తకు చేరేటట్లు గ్రామ సంఘాలు చూడాలి.

బిడ్డ వెన్నుపాము రూపొందే 28 రోజులు తల్లికి తెలియకుండానే గడిచిపోతాయి. ఆ రోజులకు కావలసిన ఫోలేట్ అంతకు ముందు నెలల భోజనంలోను, మాత్రలోను సమకూరి ఉండాలి. ఆ భోజనంలో ముఖ్యభాగం మన పొలాల నుండి, పెరళ్ల నుండి రాగలదు గనుక ఈ బాధ్యత వైద్య శాఖది మాత్రమే కాదు, వ్యవసాయ శాస్త్రజ్ఞులది, రైతు కుటుంబాలది కూడా.